ఆగిన ప్యాసింజరు, దాటే గూడ్సు: రైలును కాపాడే నియమాలు, మనిషిని వదిలేసిన మీటరు జాగా

కర్నూలు సిటీ నుంచి డోన్ వైపు ప్యాసింజరులో వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. దూపాడులోనో, ఉలిందకొండలోనో, వెల్దుర్తిలోనో బండి ఆగుతుంది. రెండు నిమిషాలు అనుకున్నది పావుగంట అవుతుంది. "క్రాసింగ్ పడింది" అని పక్క సీటు పెద్దమనిషి తేల్చి చెబుతాడు. ప్లాట్‌ఫాం వైపు ఎండగా ఉంటే కొందరు రెండో వైపు తలుపులోంచి కంకర మీదికి దిగి పెట్టె నీడలో నిలబడతారు. ఒకరిద్దరు ఎదుటి పట్టా మీదే కూర్చుంటారు. అంతలో దూరాన హారన్ మోగుతుంది, స్టేషన్ మాస్టరు గది వైపు నుంచి కేకలు వినిపిస్తాయి, దిగినవాళ్లు ఆదరాబాదరాగా కమ్మీలు పట్టుకుని పైకి ఎక్కుతారు, మరుక్షణం గూడ్సు దుమ్ము లేపుకుంటూ, ఆగి ఉన్న పెట్టెలను ఊపేస్తూ దాటిపోతుంది. నిండా జనం ఉన్న బండి పక్కనుంచి వేల టన్నుల బరువును ఆ వేగంతో వదలడానికి నియమాలు ఎలా ఒప్పుకుంటాయని అప్పుడు ఎవరో ఒకరు అడగక మానరు. ఆగి ఉన్న ప్యాసింజరును దాటేటప్పుడు గూడ్సు నెమ్మదించాలనో, ప్యాసింజరు కదిలేదాకా స్టేషన్ బయటే ఆగాలనో ఒక నియమం ఉండే ఉంటుందని, దాన్ని సిబ్బంది పాటించడం లేదని చాలామంది అనుకుంటారు.

అటువంటి సాధారణ నియమం మన రైల్వేలో లేదు. అయితే అది నిర్లక్ష్యం వల్ల లేకపోవడం కాదు. మన నియమాలు ఈ ప్రమాదాన్ని వేగం తగ్గించి కాకుండా మరో దారిలో అడ్డుకుంటాయి. ఆ దారి ఏమిటో, అది ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో విడదీసి చూస్తేనే మన స్టేషన్లలో నిజంగా భయపడవలసింది దేనికో తెలుస్తుంది.

మన రైళ్ల నడకకు ఆధారం 1976 నాటి సాధారణ నియమాలు. వాటిలో 4.11వ నియమం మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఆగకుండా స్టేషన్ దాటే ఏ రైలైనా, అది గూడ్సు కానీ ఎక్స్‌ప్రెస్ కానీ, గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో వెళ్లాలంటే, అది వెళ్లే లైను మిగతా లైన్లన్నిటి నుంచి వేరు చేయబడి ఉండాలి. రైలు పూర్తిగా దాటిపోయేంత వరకు ఆ స్థితి మారకుండా, లైను మళ్లించే కదిలే పట్టాలను (పాయింట్లను) సిగ్నళ్లతో ముడివేసే ఇంటర్‌లాకింగ్ పట్టి ఉంచాలి. ఈ వేరు చేయడాన్నే రైల్వే భాషలో ఐసోలేషన్ అంటారు. అలా వేరు చేయడం కుదరని చోట 50 కిలోమీటర్ల పరిమితి వర్తిస్తుంది, షంటింగ్ అంతా ఆపేయాలి, ఇంజను తగిలించని పెట్టెను గానీ సరిగ్గా కట్టివేయని వ్యాగన్‌ను గానీ ఆ లైనుతో కలిసే ఏ లైను మీదా నిలిపి ఉంచకూడదు. దాటే బండి వేగానికి హద్దు పెట్టేది పక్కన జనం ఉన్నారా లేరా అన్న విషయం కాదు, పక్కన ఉన్న బండి ఈ దారిలోకి జారి రాగలదా లేదా అన్న విషయం. ఈ వ్యవస్థ ఆలోచన అంతా ఈ ఒక్క తేడాలో ఉంది.

ఐసోలేషన్ ఎలా జరుగుతుందో వెల్దుర్తి వంటి సింగిల్ లైను స్టేషన్‌ను మనసులో పెట్టుకుని ఊహించుకుందాం. నిటారుగా సాగిపోయేది మెయిన్ లైను. దాని నుంచి చీలి, పక్కగా కొంత దూరం నడిచి, మళ్లీ దానిలోనే కలిసేది లూప్ లైను. ప్యాసింజరును లూపులోకి తీసుకుని ఆపుతారు, గూడ్సును మెయిన్ లైను మీద నేరుగా వదులుతారు. ఇప్పుడు లూపులో ఉన్న ప్యాసింజరు లోకో పైలట్ ఎర్ర సిగ్నల్‌ను గమనించక బండిని కదిపాడనుకోండి. లూపు మెయిన్ లైనులో కలిసే చోట అడ్డు ఏమీ లేకపోతే బండి నేరుగా గూడ్సు పక్కటెముకల్లోకి వెళ్తుంది. అందుకే లూపు చివర, బండి బయలుదేరడానికి అనుమతిచ్చే స్టార్టర్ సిగ్నల్ దాటాక ఒక చిన్న మొండి లైను వేసి, దాని కొసన ఇసుక దిబ్బ పోస్తారు. గూడ్సుకు సిగ్నల్ ఇవ్వాలంటే ముందు లూపు చివరి పాయింట్లు ఆ ఇసుక దిబ్బ వైపు తిరిగి, అక్కడే బిగుసుకుపోవాలి. అప్పుడు పొరపాటున కదిలిన బండి ఇసుకలో కూరుకుపోతుంది తప్ప మెయిన్ లైను మీదికి రాదు. కొన్ని చోట్ల ఇసుక దిబ్బకు బదులు బండిని పట్టా తప్పించే డీరెయిలింగ్ స్విచ్ ఉంటుంది. పట్టా తప్పడం మంచిదా అంటే కాదు. ఎదురుగా వచ్చే రైలును గుద్దడం కంటే మేలు కాబట్టి ఆ ఏర్పాటు. స్టేషన్ మాస్టరు తలచుకున్నా ఈ క్రమాన్ని తప్పించలేడు, ఎందుకంటే పాయింట్లు ఆ స్థితిలో లేకపోతే ప్యానెల్ మీద ఎంత నొక్కినా గూడ్సు సిగ్నల్ పడదు.

దీనికి తోడు ఓవర్‌ల్యాప్ అనే మరో జాగ్రత్త ఉంది. ఒక రైలును స్టేషన్‌లోకి తీసుకునేందుకు ప్రవేశం దగ్గరి హోమ్ సిగ్నల్ ఇవ్వాలంటే, అది ఆగవలసిన స్టార్టర్ సిగ్నల్ వరకు లైను ఖాళీగా ఉంటే చాలదు, దాన్ని దాటి ఇంకొంత దూరం కూడా ఖాళీగా ఉండాలి. రంగు దీపాల బహుళ సూచిక సిగ్నళ్లు ఉన్న చోట ఆ దూరం కనీసం 120 మీటర్లు, పాత చేతికర్ర సిగ్నళ్ల చోట 180 మీటర్లు. బ్రేకు వేయడంలో లోకో పైలట్ కొద్దిగా తడబడినా, పట్టాలు వాన తడిసి చక్రం జారినా, ఆ జాగా బండిని కాపాడుతుంది. ఇసుక దిబ్బ ఉన్న చోట అదే ఆ దూరానికి బదులుగా చెల్లుతుంది. సింగిల్ లైను మీద రెండు దిక్కుల నుంచి ఒకేసారి రైళ్లను తీసుకోవడానికి వీలు కల్పించేది ఇదే. ఇది లేని స్టేషన్‌లో ఒక బండి పూర్తిగా వచ్చి ఆగాకే రెండోదానికి హోమ్ సిగ్నల్ ఇస్తారు. ప్రయాణికులు "ఎదురు బండి అక్కడే కనిపిస్తూ ఉంది, ఇంకా ఎందుకు రానివ్వరు" అని విసుక్కునే సందర్భాల్లో చాలా వాటికి కారణం ఈ మీటర్ల లెక్కే.

బండి ముందు భాగం సంగతి ఇది. వెనక భాగానిది ఇంకో జాగ్రత్త. రెండు లైన్లు దగ్గరవుతూ వచ్చి, ఒక దాని మీద ఉన్న పెట్టె మరోదాని మీద వెళ్లే పెట్టెకు తగిలే హద్దును ఫౌలింగ్ మార్క్ అంటారు. రెండు లైన్ల నడుమ భూమిలో పాతిన ఒక గుర్తు దాన్ని చూపుతుంది. ప్యాసింజరు చివరి పెట్టె ఆ గుర్తుకు లోపల ఉంటేనే గూడ్సు వెళ్లడానికి వీలు. ఒకప్పుడు గార్డు తోక నుంచి చెయ్యెత్తి చెప్పేవాడు, ఇప్పుడు పట్టా మీద బండి ఉందో లేదో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్లు, దాటిన ఇరుసులను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు ఆ సంగతిని ప్యానెల్ మీద చూపిస్తాయి. తోక ఒక్క పెట్టె పొడవు బయట మిగిలినా పాయింట్లు కదలవు, సిగ్నల్ పడదు.

జనం ఉన్న బండిని పక్కన నిలబెట్టి బొగ్గు బండిని ముందు పంపడమేమిటన్న అసహనం న్యాయమైనదే కానీ, దానికి జవాబు ఎక్కువగా పొడవులోనే ఉంది. మామూలు గూడ్సు ఒకటి 58, 59 వ్యాగన్లతో దాదాపు ఏడు వందల మీటర్లు ఉంటుంది. లూపు లైన్లలో బండి నిలవడానికి ఉంచే ప్రామాణికమైన జాగా 686 మీటర్లు. అంటే నిండు గూడ్సు లూపులో ఇమిడితే అంచున ఇముడుతుంది, లేకపోతే ఇమడదు. 2021 అక్టోబరు 8న గుంతకల్లు డివిజన్‌లోని రాయచూరు నుంచి మణుగూరుకు 'గరుడ' అనే పేరుతో మూడు గూడ్సులను కలిపి 177 వ్యాగన్ల ఖాళీ రైలును నడిపారు. అంత పొడవైన రైలును ఏ మామూలు లూపులోనూ పెట్టలేరు కాబట్టి దాని దారిలో పక్కకు తప్పుకోవలసింది మిగతా రైళ్లే. పైగా అయిదు వేల టన్నుల బండిని ఆపి మళ్లీ కదిలించి వేగం అందుకునేలా చేయడానికి పట్టే సమయం ప్యాసింజరుకు పట్టేదానికి ఎన్నో రెట్లు. ఏ బండి ఎక్కడ ఆగాలన్నది స్టేషన్ మాస్టరు సొంతంగా నిర్ణయించేది కాదు, డివిజన్ కార్యాలయంలో కూర్చున్న సెక్షన్ కంట్రోలరు మొత్తం సెక్షన్‌ను చూసి నిర్ణయించేది. మహబూబ్‌నగర్–డోన్ మధ్య రెండో లైనుకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే కర్నూలు దారిలో ఎదురు బండ్ల క్రాసింగులు పోతాయి. వెనకనుంచి వచ్చే బండికి దారి ఇవ్వడం మాత్రం మిగిలే ఉంటుంది. డబుల్ లైను మీద ఉన్న కడప జిల్లా స్టేషన్లే దానికి సాక్ష్యం. రాయలసీమ థర్మల్ కేంద్రానికి వచ్చే బొగ్గు, ఎర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, ఓబులవారిపల్లె మీదుగా కృష్ణపట్నం రేవు దారి పట్టే సరుకు, ఇవన్నీ ముంబయి–చెన్నై ప్రయాణికుల రైళ్లు నడిచే పట్టాల మీదే నడుస్తాయి.

ఈ నియమాలు ఎంత గట్టివో, ఎక్కడ చిట్లుతాయో ప్రమాదాలే చెప్పాయి. 2012 మే 22 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ స్టేషన్‌లో నిలిచి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ వెనకనుంచి గుద్దింది. 25 మంది చనిపోయారు. ఎర్ర సిగ్నల్‌ను దాటి రావడమే కారణమని అప్పట్లో రైల్వే ప్రకటించింది. ఇక్కడ ఆగి ఉన్నది గూడ్సు, వచ్చింది ప్రయాణికుల రైలు. పాత్రలు తారుమారైనా పాఠం ఒకటే. ఐసోలేషన్ అన్నది పక్క లైను నుంచి జారి వచ్చే బండిని ఆపుతుంది, అదే లైను మీద ఎర్ర దీపాన్ని దాటి వచ్చే బండిని ఆపలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్‌లో జరిగింది మరో రకం. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద నేరుగా వెళ్లమని పచ్చ సిగ్నల్ పడింది; పాయింట్లు మాత్రం ఇనుప ఖనిజంతో నిండిన గూడ్సు నిలిచి ఉన్న లూపు వైపు తిరిగి ఉన్నాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గతంలోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పనిలోనూ సిగ్నల్ వైరింగ్‌ను మార్చినప్పుడు జరిగిన లోపాల వల్ల పాయింట్ల నిజమైన స్థితికీ సిగ్నల్‌కూ ఉండవలసిన ముడి తెగిపోయిందని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. పైన నేను చెప్పిన "పాయింట్లు సరిగా లేకపోతే సిగ్నల్ పడదు" అన్న హామీ మొత్తం ఆ ముడి మీదే నిలబడి ఉంది. అది తెగిన రోజున స్టేషన్ మాస్టరు తప్పు చేయకపోయినా, లోకో పైలట్ తప్పు చేయకపోయినా ప్రమాదం జరుగుతుంది.

కట్టివేయని బండి గురించి 4.11లో ఉన్న మాట కూడా ఉత్త అక్షరం కాదు. 2024 ఫిబ్రవరి 25న జమ్మూలోని కఠువాలో నిలిపిన 53 వ్యాగన్ల గూడ్సు లోకో పైలట్ లేకుండానే కదిలి, పంజాబ్‌లోని ఊంచీ బస్సీ దాకా 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. దారిలో ఎవరికీ ఏమీ కాలేదు కానీ, వ్యాగన్ల హ్యాండ్ బ్రేకులు బిగించడం, చక్రాల కింద చెక్క దుంగలు పెట్టడం, గొలుసుతో పట్టాకు కట్టి తాళం వేయడం వంటి పాతకాలపు పనులు ఎందుకు తప్పనిసరో ఆ ఒక్క ఘటన చూపించింది.

పెనుకొండ తరహా ప్రమాదానికి ఇప్పుడు వచ్చిన జవాబు కవచ్. ఎర్ర సిగ్నల్ దగ్గరపడుతున్నా లోకో పైలట్ బ్రేకు వేయకపోతే ఇంజనులోని యంత్రమే బ్రేకు వేస్తుంది. 2020లో దీన్ని జాతీయ రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. మొదట విస్తృతంగా అమర్చినది దక్షిణ మధ్య రైల్వేలోనే. సికింద్రాబాద్ నుంచి గద్వాల, కర్నూలు, డోన్ మీదుగా గుంతకల్లు వరకు ఉన్న లైను ఆ తొలి విడతలోదే. ఈ ప్రాంతవాసులుగా మనకు అది ఊరట. అయితే పట్టాల పక్కన పరికరాలు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ దారిలో నడిచే ప్రతి ఇంజనులోనూ అది ఉండాలి. దేశమంతా తిరిగే గూడ్సు ఇంజన్ల విషయంలో ఈ మాట మరింత ముఖ్యం.

ఇంతవరకు చెప్పినదంతా రైలును రైలు నుంచి కాపాడే సంగతి. దాటే గూడ్సు నుంచి ఊడిపడేవి, వేలాడేవి కూడా ఉంటాయి. గూడ్సు స్టేషన్ దాటేటప్పుడు స్టేషన్ మాస్టరు ఒక వైపు, పాయింట్స్‌మన్ మరో వైపు పచ్చ జెండాతో, రాత్రయితే పచ్చ దీపంతో నిలబడటం చాలామంది చూసే ఉంటారు. అది మర్యాదపూర్వకమైన వీడ్కోలు కాదు, తనిఖీ. వేడెక్కి ఎర్రబడిన యాక్సిల్ ఉందేమో, పట్టేసిన బ్రేకుతో చక్రం నిప్పులు రాలుస్తోందేమో, వ్యాగన్ తలుపు తెరుచుకుని బయటికి వాలిందేమో, సరుకు ఒక పక్కకు ఒరిగిందేమో, తాడు గానీ టార్పాలిన్ గానీ వేలాడుతోందేమో కళ్లు చిట్లించి చూడాలి. చివరి వ్యాగన్‌కు ఇదే ఆఖరిదని తెలిపే ఎల్‌వీ బోర్డు, రాత్రిపూట తోక దీపం కనిపించాలి. కనిపించకపోతే బండి మధ్యలో తెగి కొన్ని వ్యాగన్లు వెనకే మిగిలాయని అర్థం చేసుకుని, ఆ లైను మీదికి మరో బండిని రానివ్వకూడదు. ఏదైనా తేడా కనబడితే ఎర్ర జెండా చూపాలి, జెండా లేకపోతే రెండు చేతులూ తలపైకి పూర్తిగా ఎత్తి చూపాలి, రాత్రి ఎర్ర దీపం లేకపోతే తెల్ల దీపాన్నే వేగంగా ఊపాలి. ఆగి ఉన్న ప్యాసింజరు గార్డు, అంటే 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అని పిలుస్తున్న ఉద్యోగి, దాటే గూడ్సును అతి దగ్గరి నుంచి చూసే మనిషి. ఆ చూపుకు విలువ ఎక్కువ.

ఈ చూపు ఎందుకు కావాలో గూడ్సు అదుపు తప్పిన చోట్ల తెలుస్తుంది. 2022 నవంబరు 21న ఒడిశాలోని కొరై స్టేషన్‌లో గూడ్సు వ్యాగన్లు పట్టాలు తప్పి ప్లాట్‌ఫాం మీదికి, వేచి ఉండే గది మీదికి ఎక్కాయి. రైలు కోసం ఎదురుచూస్తున్నవారు వాటి కింద ప్రాణాలు విడిచారు. యాక్సిల్ కౌంటర్లు తోక దాటిందో లేదో లెక్కపెట్టి చెప్పగలవు, వేడెక్కిన యాక్సిల్‌ను పట్టే పరికరాలు వచ్చాయి. వాటిని చూసి స్టేషన్‌లో నిలబడి చూసే మనిషిని తగ్గించుకోవచ్చన్న ఆలోచన సరైనది కాదని నా నిశ్చితాభిప్రాయం. వాలిన వ్యాగన్ తలుపును ఏ కౌంటరూ లెక్కపెట్టదు. ప్లాట్‌ఫాం అంచు పట్టాల మధ్య రేఖకు 1,670 నుంచి 1,680 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. వెడల్పయిన వ్యాగన్ గోడకూ ఆ అంచుకూ మధ్య మిగిలేది జానెడు కూడా ఉండదు. తలుపు ఒక మూర బయటికి వాలితే అది ప్లాట్‌ఫాం అంచు దగ్గర నిలబడినవాడిని చేరుతుంది.

ఇక రెండు రైళ్ల మధ్య చిక్కుకునే మనిషి సంగతి చూద్దాం. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురిగొల్పింది అదే. పాత లైన్లలో ఒక లైను మధ్య రేఖ నుంచి పక్క లైను మధ్య రేఖకు ఉండవలసిన కనీస దూరం 4,265 మిల్లీమీటర్లు. కొత్తగా వేసే వాటిలో దాన్ని 5,300కు పెంచారు. ప్రయాణికుల పెట్టె వెడల్పు సుమారు 3,250 మిల్లీమీటర్లు, గూడ్సు వ్యాగన్ వెడల్పు కూడా దాదాపు అంతే. తీసివేసి చూస్తే పాత కనీస దూరం ఉన్న చోట ఆగిన పెట్టెకూ దాటే వ్యాగన్‌కూ నడుమ మిగిలే జాగా ఒక మీటరు. ఆ మీటరులోనే పెట్టె నీడన నిలబడిన మనిషి, అతని చేతిలోని సంచి, పక్కనున్న పిల్లవాడు సర్దుకోవాలి. గంటకు 75 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 21 మీటర్లు. ఏడు వందల మీటర్ల గూడ్సు పూర్తిగా దాటడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. అంతసేపూ గాలి ఒకసారి నెట్టి ఒకసారి లాగుతూ ఉంటుంది, ఎందుకంటే వ్యాగన్ల మధ్య ఖాళీలున్న గూడ్సు చుట్టూ గాలి నునుపుగా జారదు. గుంతకల్లు చుట్టుపక్కల లైన్లన్నీ విద్యుత్ లైన్లయ్యాక ఇంజను శబ్దం కూడా తగ్గింది. పాత డీజిల్ ఇంజను దడదడ అర కిలోమీటరు ముందే హెచ్చరించేది. ఇప్పుడు ఆగి ఉన్న బండి అడ్డం నుంచి, అదీ వంపులో అయితే, ఇంజను కనబడేసరికి చేతిలో మిగిలేవి కొద్ది సెకన్లే.

మన స్టేషన్ల నిర్మాణంలో ఒక మంచి పద్ధతి ఈ ప్రమాదాన్ని పెంచడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. వీలైన చోట మెయిన్ లైనుకు ప్లాట్‌ఫాం లేకుండా, లూపు లైన్లకే ప్లాట్‌ఫాంలు కడతారు. ఆగకుండా దూసుకుపోయే రైలు ప్లాట్‌ఫాం మీద నిలబడినవారికి దూరంగా వెళ్లాలన్నదే దాని ఉద్దేశం, అది ఎంతో సమంజసమైనది. కానీ దాని ఫలితంగా లూపులో ఆగిన ప్యాసింజరుకు ప్లాట్‌ఫాం ఒక వైపున, గూడ్సు దాటే మెయిన్ లైను సరిగ్గా రెండో తలుపు వైపున పడుతుంది. ప్లాట్‌ఫాం మీది మనిషిని కాపాడిన ఏర్పాటే తప్పు వైపు దిగిన మనిషిని గూడ్సుకు ఎదురుగా నిలబెడుతుంది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి లేని, లేదా అది ప్లాట్‌ఫాం ఆ కొసన ఉన్న చిన్న స్టేషన్‌లో, ఊరు మెయిన్ లైనుకు అవతల ఉంటే, దిగినవాళ్లు దగ్గరి దారిగా పట్టాలే దాటుతారు. తలమీద మూట ఉన్నవారికి, మోకాళ్ల నొప్పులున్న ముసలివారికి నలభై మెట్లు ఎక్కి దిగమని చెప్పడం తేలిక, ఎక్కడం తేలిక కాదు.

2013 ఆగస్టు 19న బీహార్‌లోని ధమారా ఘాట్‌లో ఇదే జరిగింది. స్టేషన్‌లో ఆగిన ప్యాసింజరు రైళ్ల నుంచి దిగి పట్టాలు దాటుతున్న యాత్రికుల మీదుగా, అక్కడ ఆగవలసిన పని లేని రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. సిగ్నళ్ల పరంగా ఆ ఎక్స్‌ప్రెస్‌కు దారి సక్రమంగానే ఉంది. అదే ఏడాది నవంబరులో విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర నిప్పంటుకుందన్న భయంతో ఆగిన రైలు నుంచి పక్క లైను మీదికి దూకినవారిని ఎదురుగా వచ్చిన ప్యాసింజరు ఢీకొంది. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర, 2025 జనవరిలో మహారాష్ట్రలోని పాచోరా దగ్గర మళ్లీ ఇంచుమించు అదే కథ. ఈ మూడూ ఆగిన రైలు నుంచి పక్క లైను మీదికి దిగడం వల్ల జరిగినవి. ఏ ఒక్కదానిలోనూ రైలు రైలును తాకలేదు. ఐసోలేషన్, ఓవర్‌ల్యాప్, ఫౌలింగ్ మార్క్, కవచ్, ఇవన్నీ ఉన్నా ఆ ప్రాణాలు దక్కేవి కావు, ఎందుకంటే అవేవీ ఆ మీటరు జాగాలోకి చూడవు.

ఆ జాగాకు చట్టం ఇచ్చే జవాబు 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్. అనుమతి లేకుండా పట్టాల మీదికి వచ్చినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. టికెట్టు కొని, బండి ఎంతకూ కదలక, ఎండకు తాళలేక దిగిన ప్రయాణికుడు ఆ సెక్షన్ కళ్లకు అతిక్రమణదారుడే. చట్టం అవసరమే కానీ, అర నిమిషంలో రాబోయే గూడ్సును అది ఆపదు.

అమెరికాలో కొన్ని చోట్ల దీన్ని వేరేగా చూశారు. ప్రయాణికులు ఎక్కి దిగుతున్న రైలుకూ వాళ్లు చేరవలసిన ప్లాట్‌ఫాంకూ నడుమ నుంచి, తగిన రక్షణ లేకుండా, మరో రైలు వెళ్లకూడదని అక్కడి నిర్వహణ నియమాలు చెబుతాయి. కాలిఫోర్నియాలోని కాల్‌ట్రెయిన్ మార్గంలో ప్రయాణికులు ఒక లైను దాటితే గానీ రైలు ఎక్కలేని పాత స్టేషన్లలో, ఒక రైలు స్టేషన్‌లో ఉంటే రెండోది బయటే ఆగాలన్న కట్టడి ఉండేది. అటువంటి స్టేషన్లను తిరగకట్టి ఆ అవసరాన్నే తీసివేస్తూ వచ్చారు. మన దగ్గర ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు పెడితే సింగిల్ లైన్ల మీద రాకపోకలు స్తంభిస్తాయి, ప్యాసింజరు పావుగంటకు బదులు గంట ఆగుతుంది. అందువల్ల దాన్ని అలాగే తెచ్చుకోవాలని నేను అనను. ప్రయాణికుడు తప్పనిసరిగా పట్టాలు దాటవలసి వచ్చే స్టేషన్‌కు ఒక నియమం, దాటనవసరం లేని స్టేషన్‌కు మరో నియమం అన్న విభజన మాత్రం మనమూ చేసుకోవచ్చు.

కర్నూలు సిటీ, డోన్, తాడిపత్రి, కడప స్టేషన్లు అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. అక్కడ వెడల్పయిన వంతెనలు, లిఫ్టులు వస్తున్నాయి. చిన్న స్టేషన్లకు అవి త్వరలో వచ్చే అవకాశం తక్కువ. అక్కడ చేయగలిగినవి వేరు. ప్రతి స్టేషన్‌కూ దాని లైన్లు, సిగ్నళ్లు, వాలును బట్టి రాసుకున్న స్టేషన్ వర్కింగ్ రూల్స్ ఉంటాయి. దాటిపోయే గూడ్సు ఉన్నప్పుడు ప్యాసింజరును వీలైనంతవరకు ఊరి వైపు ప్లాట్‌ఫాంకే తీసుకోవాలన్న మాటను అందులో చేర్చడానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. కంట్రోలరు పావుగంట ఆగుదల తప్పదని తేల్చిన వెంటనే ఆ సంగతిని ప్రయాణికులకు చెప్పడానికీ అక్కర్లేదు. ఎంతసేపో తెలియనప్పుడే మనిషి దిగి తొంగిచూస్తాడు, ఏ వైపు దిగాలన్నది ఆలోచించడు. ప్లాట్‌ఫాం వైపు నాలుగు చెట్లు, ఒక రేకుల నీడ, ఒక మంచినీళ్ల కుళాయి ఉంటే రెండో తలుపు తెరిచే అవసరం సగం తగ్గుతుందని, ఈ దారిలో ఏళ్ల తరబడి ప్రయాణించినవాడిగా నేను నమ్ముతున్నాను.

హెచ్చరికకు సమయం కూడా ఉంది. రంగు దీపాల సిగ్నళ్లలో హోమ్ సిగ్నల్ సంగతిని ముందే తెలిపే డిస్టెంట్ సిగ్నల్ దానికి కనీసం ఒక కిలోమీటరు ముందు ఉంటుంది, రెండు డిస్టెంట్లు ఉన్న చోట మొదటిది రెండు కిలోమీటర్ల ముందు. గూడ్సు వేగం తగ్గకుండా దాటాలంటే అది డిస్టెంట్‌ను చూసే సమయానికే స్టేషన్ మాస్టరు సిగ్నళ్లన్నీ ఇచ్చి ఉండాలి. 75 కిలోమీటర్ల వేగంతో అక్కడి నుంచి ప్లాట్‌ఫాం చేరడానికి నిమిషానికి పైనే పడుతుంది, డబుల్ డిస్టెంట్ ఉంటే రెండు నిమిషాలు. గూడ్సుకు సిగ్నల్ ఇచ్చే ముందు, మైకులో తెలుగులోనూ హిందీలోనూ రెండుసార్లు చెప్పి, పాయింట్స్‌మన్ మెయిన్ లైను వైపు పెట్టెల వెంబడి ఒకసారి చూపు సారించి, కంకర మీద మనుషులు లేరని చేయి ఊపాకే సిగ్నల్ ఇవ్వాలన్న నిబంధన పెడితే, గూడ్సు ఆలస్యమయ్యేది ఒకటి రెండు నిమిషాలు. వెల్దుర్తి వంటి స్టేషన్లలో ఈ పనిని మంచి స్టేషన్ మాస్టర్లు ఇప్పటికే కేకలతో, చేతి సైగలతో చేస్తున్నారు. అది వారి మంచితనానికి వదిలేసిన పనిగా కాక, వర్కింగ్ రూల్స్‌లో సంతకం పెట్టవలసిన పనిగా మారాలి.